పత్తి కాటా మీద నరసప్ప

1981 ఎండాకాలంలో నేను ఆదోనిలోని ఒక ఆసుపత్రిలో మేల్ నర్సును. అప్పటికి పదేళ్ల సర్వీసు. తెలివి కూడా ఇంక్రిమెంటులాగా ఏటా దానంతటదే పెరుగుతుందని నమ్మేవాణ్ణి. ముందే ఒప్పుకుంటున్నాను: ఆ ఏడు ఒక రోగిని చావు అంచుదాకా తీసుకుపోయింది నేనే, అదీ మా ఇంటినుంచి తెచ్చిన కొత్త కుండతో.

నరసప్ప ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించి, లేని భయాలు పట్టుకునే జబ్బు. మాత్రలతో గొంతులు తగ్గాయి గానీ దాహం తగ్గలేదు. చెంబు, బకెట్టు, కొళాయి, ఏదీ వదిలేవాడు కాదు. షుగరేమోనని మూడుసార్లు బెనిడిక్ట్ పరీక్ష చేశాను. నీలి మందులో మూత్రం వేసి కాచితే, షుగరున్నవాళ్లకు రంగు మారుతుంది. మారలేదు. నమ్మకం కుదరక, అతను మూత్రానికి కూర్చున్నచోట చీమలు చేరతాయేమోనని కాపలా కూడా కాశాను. చీమలు నాకన్నా తెలివైనవి. ఒక్కటీ రాలేదు.

మా సీమలో నీళ్లడిగినవాడికి లేదనడం పాపం. బిందె కోసం మైలు నడిచినవాళ్లు కూడా దారినపోయేవాడికి చెంబెడు పోస్తారు. ఆ పుణ్యమేదో నాకూ దక్కనీ అని అతని మంచం పక్కన కుండ పెట్టి, పూటపూటా నేనే నింపాను. మూడోనాడు మధ్యాహ్నం నరసప్పకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుని, కళ్లు తేలేశాడు.

అతను తేరుకున్నాక పెద్ద డాక్టరుగారు వచ్చి, కేస్ షీటు మీద ‘నటన’ అని ఇంగ్లీషులో రాశారు.

“ఫిట్సూ లేవు, దాహమూ లేదు. అంతా తల్లి గారాబం. రేపు డిశ్చార్జ్ చేసేయండి.”

నీళ్లకూ ఫిట్స్‌కూ ఏదో లంకె ఉందేమో సార్ అనబోయి, నీళ్లు నమిలాను. నా బదులు నరసప్ప తల్లి నాగమ్మ లేచి నిలబడింది.

“గారాబమా సార్? మా అన్నకూ ఇదే జబ్బు. గొంతులు ఇనపడుతాండె, కడవలు కడవలు తాగుతాండె. కాలవ గట్టున తాగుతా తాగుతా ఇట్లే కొట్టుకొని, నీళ్లల్లో పడి సచ్చిపాయ. వానికి నేను పాలియ్యలేదు గదా! వానికెట్ల వచ్చె?”

“అదంతా మీ ఇంటి కథమ్మా. ఇది ఆసుపత్రి,” అని ఆయన వెళ్లిపోయారు.

నాగమ్మ నా వైపు తిరిగింది. “ఈ కథను ఇంటికి పంపితే అది గూడా కాలవకాడనే ముగుస్తాది నాయనా.”

కేస్ షీటు వెనక్కి తిప్పి వంశవృక్షం గీశాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బున్నవాళ్లకు నలుపు. మేనమామా నల్లబడ్డాడు, మేనల్లుడూ నల్లబడ్డాడు. నరసప్ప తమ్ముడు ఈరన్న, పత్తి మార్కెట్టులో హమాలీ, నా భుజం మీదనుంచి తొంగిచూశాడు.

“ఆ ఖాళీ డబ్బా నేనా సార్?”

“నువ్వే.”

“నాకూ వస్తాదా? నా పిల్లోళ్లకూ?”

“రక్తంలో ఏదో వస్తాదంటారప్పా. అందరికీ రాదు. ఎవరికి వస్తాదో సెప్పేటోడు ఇంగా పుట్టలేదు.”

ఆ డబ్బా మీద వేలు పెట్టి, “అయితే ఖాళీగానే ఉండనీలే,” అన్నాడు.

నీళ్లు మితిమీరితే రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పలచబడి ఫిట్స్ వస్తాయని, అప్పుడు తీసి చూస్తే మా పుస్తకంలో ఉంది. కానీ రక్తం కర్నూలుకు పంపాలంటే డాక్టరుగారి సంతకం కావాలి. ఆ నీళ్లన్నీ ఒంట్లోనే నిలుస్తున్నాయని, తూకమేసి తప్ప, ఆయనకు చూపించేదెట్లా అని పైకే అనేశాను. మా వార్డు తూకం మిషను తుప్పుపట్టి, ఎవరెక్కినా ఒకే బరువు చూపేది. సమసమాజం వచ్చింది దాని మీదే.

ఈరన్న నవ్వాడు. “పత్తికి నీళ్లు సల్లి తూకం పెంచేటోళ్లను దినామూ సూస్తాండాను సార్. ఆరబెట్టి మళ్లా తూకమేస్తే దొంగతనం బయటపడుతాది. మా అన్న పొద్దున ఆరిన పత్తి, మాపటికి తడిసిన పత్తి. అంతేగదా?”

మర్నాడు పొద్దున్నే తోపుడుబండి మీద పత్తి కాటా వార్డుకొచ్చింది. నరసప్ప నలభై ఏడు కిలోలు. డాక్టరుగారు డిశ్చార్జ్ రాయడానికి పెన్ను తీశారు.

“సాయంత్రం దాకా ఆగండి సార్,” అన్నాను.

“నీ ఉద్యోగం చూసుకోవయ్యా.”

“చూసుకున్నాను సార్. దాని బరువు తక్కువే.”

“ఇది పత్తి కాటా. మనుషులకు పనికిరాదు.”

“అయితే మీరూ ఎక్కండి సార్.”

పంతానికి ఎక్కారు. డెబ్భై ఒకటి. ఆ రోజు కుండ తీసేసి, కొళాయి మాత్రం ఉంచి, ఫిట్స్ వస్తాయేమోనని కళ్లప్పగించి నరసప్ప పక్కనే కూర్చున్నాను. సాయంత్రం అతను యాభై రెండు. డాక్టరుగారు మళ్లీ ఎక్కారు. డెబ్భై ఒకటే.

“మీరేం మారలేదు సార్,” అన్నాను.

రక్తం కర్నూలు వెళ్లింది. సోడియం బాగా తక్కువని వచ్చింది. డిశ్చార్జ్ ఆగింది గానీ, ‘నటన’ మీద గీత మాత్రం పడలేదు.

ఆపైన నలభై రోజులు పూటకొక తూకం. పొద్దుటికన్నా రెండు కిలోలు పెరిగితే నాగమ్మ కొళాయికీ కొడుక్కీ మధ్య కూర్చుని, చిన్న లోటాతో ఉప్పేసిన మజ్జిగ ఇచ్చేది. నీళ్లు లేవని ఒక్కసారి కూడా అనలేదు. “ఇప్పుడు కాదప్పా, పత్తి ఆరనీ,” అనేది. ఫిట్స్ మళ్లీ రాలేదు. నరసప్ప మగ్గం దగ్గరికి తిరిగి వెళ్లాడు.

ఆ జబ్బులో ఆ దాహం ఏ జన్యువు తెస్తుందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదంటారు. నాకు తేలింది ఒకటే: తల్లిని నిందించే ముందు మేనమామ గురించి అడగాలి. రోగి ఇంటివాళ్లు చెప్పే కథే మన కేసు.

ఇక ఆ ‘నటన’ కొట్టేయనందుకు డాక్టరుగారి మీద నేను తీర్చుకున్న కక్ష సంగతి. రోజూ తూకం షీటు కింద డాక్టరుగారి సంతకం ఉండాలి. ఆయన మొహం తిప్పుకుని గీకేసేవారు. డిశ్చార్జ్ నాడు మాత్రం పైనుంచి చదివారు. మొదటి వరుసలో ‘డాక్టరుగారు: పొద్దున 71, సాయంత్రం 71’ అని ఉంది. దాని కిందనుంచి నరసప్ప.

“నా పేరెందుకయ్యా ఇందులో?”

“కాటా నిజమే చెప్పిందని సాక్ష్యం సార్. మీరు ఒప్పుకుని సంతకం కూడా పెట్టారు.”

కొట్టేయాలంటే తన సంతకాలే కొట్టేయాలి. ఇంకొకటి పెట్టి ఇచ్చేశారు. ఆ షీటు మీద ఆయన సంతకాలు నలభై. చదివి పెట్టింది ఆ చివరిదొక్కటే.