‘తాగొచ్చినాం’ అన్న మాట

మొన్న నా ఫోనుకు ఒక పెళ్లిపిలుపు వచ్చింది. తెర మీద పూలు వాటంతట అవే రాలాయి, సన్నాయి మోగింది, పెళ్లికూతురి పేరు మెరుస్తూ వచ్చి మెరుస్తూ వెళ్లింది. నేను కళ్లజోడు వెతుక్కునేసరికి అంతా అయిపోయింది. జవాబుగా బొటనవేలి బొమ్మ నొక్కమన్నారు మా వారు. సంతకం పెట్టడం రానివాళ్లని వేలిముద్రగాళ్లని నవ్వేదాన్ని ఒకప్పుడు, ఇన్నాళ్లకు నేనూ ఆ జాబితాలో చేరాను. పిలిచినవాళ్లకు శ్రమ లేదు, వస్తానన్న నాకూ లేదు. మా చెల్లెలి పెళ్లికి ఊళ్లు పిలవడానికి జీపులో తిరిగిన తిరుగుడు అప్పుడు గుర్తుకొచ్చింది.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులు. ధర్మవరంలో మాది పట్టుమగ్గాల ఇల్లు. బంధువులు మాత్రం కదిరి మొదలుకొని చిలమత్తూరు మీదుగా గుమ్మఘట్ట దాకా చెల్లాచెదురుగా ఉండేవాళ్లు. ఇంటి ఆడమనిషి వెళ్లి బొట్టు పెట్టి పిలిస్తేనే అది పిలుపు కింద లెక్క. అమ్మకు పెట్రోలు వాసనకే కడుపులో తిప్పుతుంది కనుక, కొత్తగా పెళ్లయిన నా చేతికి కుంకుమభరిణె ఇచ్చి నాయనతో పాటు జీపెక్కించారు. నాకు తిప్పదని కాదు, నన్నెవరూ అడగలేదు.

ఆ జీపు పెళ్లిళ్లకూ ఎన్నికలకూ బాడుగకు తిరిగేది. అది కారు కాదు గానీ, ఎప్పుడూ కారుతూ ఉండేది. ఏ ఇంటి ముందు ఆగినా రేడియేటరు కింద నుంచి ఒక్కో చుక్క రాల్చి, నాతో పాటు తానూ ఆ వాకిలికి బొట్టు పెట్టేది. ముందు వేలాడే గుడ్డ సంచిలోని నీళ్లు దానికీ మాకూ ఉమ్మడి అన్న మాటే గానీ, ఎక్కువ వాటా దానిదే.

వానలు మొహం చాటేసిన ఏడాది అది. దారి పొడుగునా గుండ్రాళ్ల గుట్టలు, బీటలిచ్చిన చెరువులు, జానెడు పెరిగి ఇక చాలనుకున్న వేరుశనగ చెట్లు. టార్పాలిన్ సందుల్లోంచి ఎర్రదుమ్ము పోసినట్టు వచ్చి పడేది. మధ్యాహ్నమయ్యేసరికి నా వేళ్లకున్నది కుంకుమో దారిదుమ్మో తెలియక, బొట్టు పెట్టించుకునేవాళ్లు ఒకసారి నా చేతి వంక చూసి గానీ నుదురు చాపేవాళ్లు కాదు. వానను తప్ప అందరినీ పిలిచాం, పిలిచినా రాదని.

ఆ తిరుగుడులో మాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. గడపలో అడుగు పెట్టగానే చెంబుతో నీళ్లిస్తారు కదా. ఆ నీళ్లను ఆడవాళ్లు ఎంత దూరం నుంచి నెత్తిన మోసుకొచ్చారో తెలిశాక తాగడానికి మనసొప్పదు. అందుకని ‘తాగొచ్చినాం’ అని చెంబు వెనక్కి ఇచ్చేవాళ్లం. ఇచ్చేవాళ్లకూ అది అబద్ధమని తెలుసు, అయినా మొహాలు తేటపడేవి. కదిరిలో ఒక ముసలవ్వకు మాత్రం ఆ మాట వేరుగా వినిపించి, డ్రైవరన్న వైపు చూసి, “పొద్దున్నే తాగొచ్చినారా? మరి బండి ఎట్ల తోలినావప్పా?” అని నిలదీసింది. “నేను తాగలేదవ్వా, నాకు పొయ్యలేదు వీళ్లు,” అన్నాడతను.

అయితే ఆ మాటకే ఇంకో మొహం ఉంది. పగ ఉన్న ఇంట్లో అదే మాట అంటే, మీ నీళ్లు ముట్టం అని. మా వైపు దానికి మించిన తిట్టు లేదు.

మాకలాంటి ఇల్లు ఒక్కటే ఉండేది, అది గుమ్మఘట్టలో నాయన ఒక్కగానొక్క తమ్ముడిది. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసిన అన్నదమ్ములు, ఏదో చీర అంచు రంగు దగ్గర మాటామాటా పెరిగి విడిపోయారు. చిన్నాయన పిన్ని పుట్టినూరికి వెళ్లిపోయాడు. నా పెళ్లికి నాయన ఆయనకు కార్డు పోస్టులో పంపాడు. సొంత తమ్ముడికి పోస్టులో పిలుపా అని చిన్నాయన రాలేదు. తలంబ్రాలప్పుడు కూడా నా కళ్లు వాకిలి వైపే ఉంటే, పెళ్లికొడుకు నచ్చలేదేమోనని అత్తగారివాళ్లు కంగారుపడ్డారట. చెల్లెలు నాలాగా మెతక కాదు. చిన్నాయన రాకుంటే పీట ఎక్కనని నాయన మొహం మీదే చెప్పింది. నాయన లేచి వెళ్లి జీపు మాట్లాడుకొచ్చాడు. గుమ్మఘట్టను మాత్రం అన్నిటికంటే చివర పెట్టుకున్నాడు.

మేం వెళ్లేసరికి చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. పిన్ని చెంబుతో వచ్చింది. వాకిట్లో బోర్లించిన ఖాళీ బిందెల మీద నాయన కళ్లు పడ్డాయి, అంతే, దారంతా అలవాటైన నోరు, “తాగొచ్చినాంలేమ్మా” అనేసింది.

పిన్ని చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిన్నాయన మొహం నల్లబడింది. “తాగొచ్చినావా? మంచిది. పోయి రా అయితే,” అన్నాడు. నాయనకు తన మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది. అయినా నోరు జారిందని ఒప్పుకునే మనిషి కాదు. నేను పిన్నికి బొట్టు పెట్టాను, ఆమె కళ్లొత్తుకుంది. నాయన వెనక్కి తిరిగాడు. చెల్లెలి పెళ్లి సగం ఆగిపోయిందనుకున్నాను.

బయట జీపు బానెట్ ఎత్తి ఉంది, పొగలు. డ్రైవరన్నకు లోపల జరిగిందేమీ తెలియదు. “మీరంతా తాగొచ్చినారు గానీ, నా బండి తాగి రాలేదన్నా. బిందెడు నీళ్లు గావల్ల,” అని కేకేశాడు.

కాసేపటికి చిన్నాయనే లోపలున్న నీళ్లబిందె భుజాన పెట్టుకుని వచ్చాడు. మా వైపు చూడకుండా రేడియేటర్‌లో పోయసాగాడు. నాయన ఆ ధారనే చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి ముందుకు వంగి దోసిలి పట్టాడు.

“బండికి చాల్లే. ఇట్ల పొయ్యి.”

“తాగొచ్చినానంటివే?”

“యాడ తాగినా రా? కదిరి కాన్నుంచి యా ఇంట్లోనూ గొంతు తడుపుకోలేదు. ఆడోళ్లు మోసే నీళ్లు చూసి అట్ల అంటాండా. అలవాట్లో నీ ఇంట్లోనూ అనేస్తి.”

“పిలవను వచ్చినోడివి,” చిన్నాయన ఇప్పుడు నాయన వైపు తిరిగాడు, “పాప పెండ్లికి రారా అని ముందు ఆ మాట అనకూడదా అన్నా?” అని బిందె వంచాడు. నాయన తాగుతుంటే మోచేతుల వెంట కారిన నీళ్లు ఎర్రగా, చేతుల మీద దుమ్మంతా కడుక్కుంటూ నేల మీద పడ్డాయి.

చిన్నాయన పెళ్లికి ముందురోజే వచ్చాడు. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని పీట దాకా నడిపించింది ఆయనే.

నాయనా, చిన్నాయనా ఇప్పుడు లేరు. ఆ దారులన్నీ తారురోడ్లయ్యాయి, కుంకుమకు దుమ్ము పోటీ లేదు. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరి నీళ్లసీసా వాళ్లే తెచ్చుకుంటున్నారు. మంచిదే, ఎవరికీ మొహమాటం లేదు. ఒక్కటే అనిపిస్తుంది. దోసిట్లో తాగాలంటే పోసే మనిషి వంగాలి, తాగే మనిషి ఇంకాస్త వంగాలి. సీసాతో తల పైకెత్తి తాగేటప్పుడు, ఎదురుగా ఎవరు నిలబడ్డారో కనిపించదు.