లాభం, రెండు, మూడు

ముప్పై నాలుగేళ్లు లెక్కల మాస్టారుగా, అందులో చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. "పిల్లవాడికి గాలి సోకింది, రెండు రోజులు సెలవు ఇప్పించగలరు" అని వచ్చిన చీటీని ఒక్కదాన్నీ మంజూరు చేయలేదు. జ్వరమని రాసి తెమ్మని వెనక్కి పంపేవాణ్ణి. దయ్యాల విషయంలో నా అభిప్రాయమేమిటో తెలియడానికి ఇది చాలు. ఆ అభిప్రాయం మార్చుకున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగిన క్రమంలో నమోదు చేయడం నాకు అలవాటు, అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడు రాఘవరావు రేపల్లెలో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. భార్య పోయాక అక్కడే ఒంటరిగా ఉండేవాడు. నిరుడు వేసవిలో ఒక ఉదయం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి తెనాలిలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. కాలు కొంత తొందరగానే తేరుకుంది. గోడ పట్టుకొని నడవసాగాడు. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు ముడుచుకునేవి కాని, ముడుచుకున్నవి విచ్చుకునేవి కావు.

అసలు ఇబ్బంది భోజనం దగ్గర వచ్చింది. ఎడమ చేత్తో తినడానికి వాడు ఒప్పుకోలేదు. చెంచా ఇస్తే పక్కన పెట్టేశాడు. మా ఇంటావిడ సుభద్ర కలిపి నోట్లో పెడితే, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు మింగి, చాలన్నట్టు తల ఊపేవాడు. రెండు నెలల్లో చొక్కాలు వదులైపోయాయి. ఇలాగే సాగితే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపవలసి వస్తుందని డాక్టరు గారు హెచ్చరించారు.

ఆ సమయంలోనే స్వరూప అనే అమ్మాయి వచ్చింది. ఫిజియోథెరపీలో పై చదువు చదువుతూ, పక్షవాతం తర్వాత చెయ్యి కోలుకోవడం మీద పరిశోధన చేస్తోంది. పక్కన ఒక మనిషి సమానమైన వేగంతో అంకెలు లెక్కపెడుతుంటే, ఆ వినికిడి సాయంతో చెయ్యి తొందరగా కదులుతుందా అన్నది ఆమె ప్రశ్న. కొందరికి లెక్కతో, కొందరికి లెక్క లేకుండా వ్యాయామం చేయిస్తోంది. రాఘవకు లెక్కతో చేయించే వంతు వచ్చింది.

కోలుకుంటే ముందుగా ఏ పని చేయాలనుకుంటున్నారో ప్రతి రోగీ ఒకటి ఎంచుకోవాలట. రాఘవ ఎడమ చేత్తో కంచాన్ని చూపించి, ఆ తర్వాత ఒళ్లో పడివున్న కుడిచేతిని చూపించాడు. స్వరూప ఏమీ అడగకుండా రాసుకుంది.

పద్ధతి ఇది. కుడివైపు పళ్లెంలో ఇరవై చెక్క ముక్కలుంటాయి. ఒక్కొక్కటీ పట్టుకొని ఎడమవైపు పళ్లెంలో వదలాలి. నేను ఎదురుగా కూర్చొని, గడియారం చూస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. ఫోను స్టాండుకు పెట్టి వీడియో తీసి శనివారం పంపాలి. గదిలో మూడో మనిషి గాని, వేరే శబ్దం గాని ఉండకూడదు. ఈ నిబంధనలు నాకెంతో నచ్చాయి. ఒక రిజిస్టరు కొని గీతలు కొట్టాను.

నాలుగు వారాలు మూడు ముక్కలు దాటలేదు. నాలుగోదాన్ని పట్టుకొని వదలలేక, చెమటలు పట్టి, వాడు నావంక చూసేవాడు. నేను అయిదు, ఆరు అంటూ ముందుకు పోయేవాణ్ణి. అది నిబంధన.

అయిదో వారంలో హఠాత్తుగా పదకొండుకు వచ్చాడు. నా లెక్కకు ఫలితం దక్కిందని సంతోషించాను. ఆ శనివారం స్వరూప ఫోను చేసింది.

"సార్, మీతోపాటు లెక్కపెట్టే పెద్దాయన ఎవరండీ? ఆయన్ని కొంచెం ఆగమనండి. వరుసగా రెండు వారాలు వీడియోలు చెడిపోతే రాఘవరావు గారిని పరిశోధనలోంచి తీసేయాలి."

అటువంటి వారెవరూ లేరని చెప్పాను. కొంచెం కటువుగానే చెప్పాను. తర్వాత వీడియో పెట్టుకొని విన్నాను.

రెండు గొంతులున్నాయి. ఒకటి నాది. రెండోది నాకన్నా అరక్షణం ముందు వస్తోంది. చుట్ట తాగేవారి గొంతులా జీరగా, తీరిగ్గా ఉంది. "లాభం... లాభమే. రెండు... రెండే. మూడు... మూడే." నేను ఒకటి అంటున్నచోట అది లాభం అంటోంది.

ఈ కాలం పాఠకుల కోసం చెబుతున్నాను. మా డెల్టాలో కళ్లంలో ధాన్యం కొలిచేవారు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. మొదటి మాట శుభంగా ఉండాలని లాభం అంటారు. రెండు నుంచి మామూలు అంకెలే. కాటాలు వచ్చాక ఆ లెక్క పోయింది. మా వీధిలో ఇప్పుడు అలా లెక్కపెట్టేవారు ఒక్కరూ లేరు.

అంతకన్నా కలవరపెట్టింది మరొకటి. గొంతు వచ్చే ముందు ప్రతిసారీ రాఘవ కళ్లు తన ఎడమపక్క నేలమీదికి దిగుతున్నాయి. గొంతుక్కూర్చున్న మనిషి ముఖం ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడికి. వేళ్లు విచ్చుకుంటున్నది ఆ గొంతుకే, నా గొంతుకు కాదు. నేను రిజిస్టరులో గీతలు పెట్టుకుంటూ ఇవేవీ గమనించలేదు.

సోమవారం నుంచి పరీక్షలు మొదలుపెట్టాను. కిటికీలు మూశాను. ఫ్యాను ఆపాను. ఫోను మార్చాను. స్వరూప స్వయంగా వచ్చి కూర్చుంది. గదిలో మాకు వినిపించింది నా గొంతొక్కటే. వీడియోలో రెండూ ఉన్నాయి. పక్షవాతంలో మాట పోయినవారికి కూడా అంకెల వరుస ఒక్కోసారి దానంతటదే నోట వస్తుందని, రాఘవరావు గారే అంటున్నారేమోనని ఆమె సందేహించింది. వీడియోలో వాడి పెదవులు మూసుకొని ఉన్నాయి.

"పోనీ, మీకు తెలియకుండా మీరే అంటున్నారేమో సార్," అన్నది మెల్లగా.

మర్నాడు నేను నోటినిండా నీళ్లు పట్టుకొని కూర్చున్నాను. సుభద్ర తలుపు సందులోంచి చూసి, "ఇన్నాళ్లకి ఈ ఇంట్లో మీ నోరు మూతపడింది. అదేదో నాకు ముందే చెబితే నీళ్లు నేనే పోసేదాన్ని కదండీ," అన్నది. నవ్వితే నీళ్లు పోతాయని నవ్వలేదు. రాఘవ పద్నాలుగు ముక్కలు వదిలాడు. నీళ్లు పెరట్లో ఉమ్మివచ్చి వీడియో విన్నాను. నా గొంతు లేదు. లాభం నుంచి పద్నాలుగు దాకా ఆ గొంతొక్కటే ఉంది.

ఆ తర్వాత నేను ఒకచోట కూర్చోలేకపోయాను. పేపరు చదువుతూ లేచి ఆ గది గడప దాకా వెళ్లేవాణ్ణి. లోపల ఏమీ ఉండేది కాదు. తిరిగివచ్చి అదే పేరా మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఆ గొంతు నాకు తెలుసు. మొదటిసారి విన్నప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికే ఇన్ని పరీక్షలు పెట్టాను.

బాపట్ల దగ్గర మా ఊళ్లో, మా నాన్నగారి కళ్లంలో ధాన్యం కొలిచింది యేసోబు. నాన్నగారికన్నా పెద్దవాడు. అయినా పిల్లలం కూడా నువ్వు అనే పిలిచేవాళ్లం. ఆరేళ్ల రాఘవ అతని ఎడమపక్కనే కూర్చొని ఇరవైకొక గులకరాయి పక్కన పెట్టేవాడు. నేను బాపట్లలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. సెలవులకు వచ్చి, కళ్లంలో అందరూ ఉండగా యేసోబును ఆపాను. "లాభం అనేది అంకె కాదు. ఒకటి అను," అన్నాను.

కూలీలు నవ్వారు. యేసోబు కుంచం పట్టుకొని ఒక క్షణం ఆగాడు. "అలాగే బాబుగారూ, ఒకటనే అంటాను," అన్నాడు. ఆ రోజంతా అలాగే అన్నాడు. కాని ప్రతి ఇరవై మొదట్లోనూ అతని పెదవులు శబ్దం లేకుండా ఒకసారి కదిలేవి. రాఘవ తలెత్తి నావంక ఒకసారి చూసి, చేతిలోని గులకరాళ్లు అక్కడే వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. నాన్నగారు నన్ను మెచ్చుకున్నారు. మరుసటి ఏడు యేసోబు మా కళ్లానికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. అతను పోయి నలభై ఏళ్లు దాటింది.

అతని కూతురు మరియమ్మ అంగలకుదురులో ఉంటున్నదని సుభద్ర చెప్పింది. రాఘవ ఏటా క్రిస్మస్‌కు వెళ్లి ఆమెను చూసి వచ్చేవాడట. ఈ సంగతి నాకు అంతవరకు తెలియదు. ఆటోలో వెళ్లాను. ఆమె వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎవరి గొంతో చెప్పకుండా, నోట్లో నీళ్లు పట్టుకున్న రోజు వీడియోలో గొంతు మాత్రం వినిపించాను.

ఆమె ఫోను చెవికి ఆనించుకొని చివరిదాకా విన్నది. తర్వాత కొంగుతో ఫోను తుడిచి నా చేతిలో పెట్టింది.

"మా నాన్న గొంతు ఇందులోకి ఎవరు పట్టారండీ? ఆయన పోయేనాటికి మా ఇంట్లో రేడియో కూడా లేదు."

జరిగింది చెప్పాను. కళ్లంలో నేనన్న మాట కూడా చెప్పాను. అరవై ఏళ్లలో ఆ మాట నేను బయటపెట్టడం అదే మొదలు.

"ఆయనెప్పుడూ అనలేదండి ఆ సంగతి. అనే మనిషి కాదు," అన్నది. మరికొన్ని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. "చినమాస్టారు అన్నం తింటున్నారా?"

"ఇంకా లేదమ్మా. చేత్తో పట్టలేకపోతున్నాడు."

"మరైతే ఆయన్ని లెక్కపెట్టుకోనివ్వండి. మధ్యలో మీరెందుకు?"

తిరిగివస్తూ ఆలోచించాను. నేను లెక్కపెడితే మూడు దగ్గర ఆగిపోయిన చెయ్యి ఆ గొంతుకు పద్నాలుగు దాకా వెళ్లింది. పరిశోధన నిబంధనలు ఒకవైపు, నా తమ్ముడి ముద్ద ఒకవైపు. ఆ సాయంత్రమే పరిశోధన నుంచి మమ్మల్ని తప్పించమని స్వరూపకు ఉత్తరం రాశాను. కారణం ఉన్నదున్నట్టు రాశాను. ఆమె ఫోను చేసి, ఇది రాస్తే కాలేజీలో తననెవరు నమ్ముతారన్నది. మా వీడియోలు లెక్కలోకి తీసుకోకుండా విడిగా దాచింది. అయినా ప్రతి ఆదివారం వచ్చి వాడి మణికట్టు సాగదీసి వెళ్లేది.

రిజిస్టరు మూసేశాను. ఫోను స్టాండు తీసేశాను. రోజూ తొమ్మిదింటికి, నాలుగింటికి ఎదురుగా కూర్చొని నోరు మూసుకున్నాను. నాకేమీ వినిపించేది కాదు. రాఘవ నేలవైపు చూసేవాడు. చెయ్యి కదిలేది. పదహారు. పద్దెనిమిది. ఒక శుక్రవారం ఇరవై.

ఆ మధ్యాహ్నం వాడు కంచం ముందు కుడిచెయ్యి పెట్టాడు. సుభద్ర అన్నం, ముద్దపప్పు వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఉంటే కళ్లనీళ్లు పెట్టుకుంటానని ఆమెకు తెలుసు. వాడు కలిపాడు. ముద్ద చేశాడు. ఎత్తబోయి ఆగిపోయాడు. కళ్లు ఎడమపక్క నేలమీదికి దిగాయి. అక్కడే ఉండిపోయాయి. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నావంక చూశాడు. కళ్లం వదిలి వెళ్లిననాడు చూసినట్టే చూశాడు.

వాడికి ఆ పూట ఆ గొంతు వినిపించలేదని నేను అనుకుంటున్నాను. నాకు తోచింది ఒకటే.

"లాభం," అన్నాను.

చెయ్యి లేచింది. ముద్ద నోటిదాకా వెళ్లింది. రెండు మెతుకులు చొక్కా మీద పడ్డాయి.

సుభద్ర గరిటె పట్టుకొని వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"రాఘవకి మాటొచ్చిందేంటండీ? మీరిద్దరూ ఒకేసారి లాభం అన్నారు?"

రాఘవ నోట్లో ముద్ద ఉంది. నేను అన్నది ఒక్కసారి. ఆమె మాత్రం రెండు గొంతులు విన్నానని నేటికీ అంటోంది. రెండోది జీరగా ఉందంటోంది. ఆ వీడియోలు నేను ఆమెకు ఎన్నడూ వినిపించలేదు.

రాఘవ ఇప్పుడు రేపల్లెలో తన ఇంట్లోనే ఉంటున్నాడు. కుడిచేత్తో తింటాడు. నెమ్మదిగా బొమ్మలు కూడా వేస్తున్నాడు. మాట తిరిగి రాలేదు. ఆనాడు నేలమీద ఎవరిని చూశావని కాగితం మీద రాసి అడిగాను. కాగితం తిరగేసి వెనకవైపు ఒక కుంచం బొమ్మ వేసి ఇచ్చాడు. మనిషిని వేయలేదు. వీడియోలు నా దగ్గరున్నాయి, స్వరూప దగ్గరా ఉన్నాయి. గొంతు ఇప్పటికీ వాటిలో ఉంది. దానికి నేను కారణం చూపలేను. చూపగలిగినవారు చూపితే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

రోజూ పొద్దున్న నా మాత్రలు అయిదూ అరచేతిలో వేసుకొని లెక్కపెట్టుకుంటాను. ఒకటి అనవలసిన చోట ఏమీ అనకుండా కొంచెం ఆగుతున్నాను. ఆ ఖాళీలో నాకేమీ వినిపించదు. అయినా ఆ మొదటి మాట యేసోబుకు వదిలి, రెండు నుంచి లెక్కపెడుతున్నాను.