జడల పేజీ

ఆ రోజుల్లో మనిషికి రెండు ముఖాలుండేవి. ఒకటి మెడ మీద, రెండోది వాట్సాప్‌లో గుండ్రంగా. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకోకండి. టచ్ ఫోను ఇంటికొకటి చొప్పున వచ్చి, దాన్ని మాసిపోకుండా గుడ్డలో చుట్టి పెట్టుకుంటున్న కాలం.) మగవాళ్ల గుండ్రంలో మనిషే ఉండేవాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తనది కాని బైకు మీద కూర్చుని ఉండేవాడు. ఆడవాళ్ల గుండ్రంలో పువ్వు ఉండేది. మా అమ్మ రోజా, మా చిన్నమ్మ తామర. జమ్మలమడుగులో ఉండే మా అత్త మాత్రం సాక్షాత్తు వెంకటేశ్వరస్వామి. ఆమె ఫోను చేసినప్పుడల్లా స్వామివారే మమ్మల్ని పిలుస్తున్నట్టుండేది. తీసి చూస్తే "ఏం కూర చేసినారు?" అని అడిగేవారు. ఇందులో వింత ఏమైనా ఉందని అప్పట్లో మా ఊళ్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో పదో తరగతి. చాపాడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా బడికి కోస్తా నుంచి ఒక కంప్యూటర్ సార్ కొత్తగా వచ్చారు. ఆయన ఒకరోజు క్లాసులోకి వస్తూనే, "ఈసారి మీ బ్యాచ్‌కి డిజిటల్ ఇయర్ బుక్ చేద్దామండీ" అన్నారు. ముందు బెంచీ కుర్రాడు లేచి, "సార్, దాంట్లో రాశిఫలాలు కూడా ఉంటాయా?" అని అడిగాడు. పాపం, సార్ కోప్పడలేదు. పంచాంగం కాదని, అందరి ఫోటోలూ, ముద్దుపేర్లూ, పెద్దయ్యాక ఏమవుతారన్నదీ కలిపి ఒక ఫైలు చేస్తే అది అందరి ఫోన్లలోకీ వస్తుందని ఓపికగా చెప్పారు. "ఎన్నో ఏళ్లయ్యాక తెరిచి చూసుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి" అని కూడా అన్నారు. (ఆయనకైతే ఆ వారంలోనే తిరిగాయి.) ఈ మహత్కార్యానికి ఎడిటరుగా నన్ను ఎన్నుకున్నారు. కంప్యూటర్‌లో చేసే పుస్తకానికి నన్నే ఎందుకంటే, నా చేతిరాత బాగుంటుందట.

అబ్బాయిల ఫోటోలు వరదలా వచ్చి పడ్డాయి. ఒక్కొక్కడూ నిలబడి, కూర్చుని, దూరంగా చూస్తూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తూ పంపించాడు. ఏది వేయాలని అడిగితే అన్నీ వేయమన్నాడు. అమ్మాయిల దగ్గర నుంచి మాత్రం పువ్వులొచ్చాయి. ఎర్ర రోజా, పచ్చ రోజా, మంచుబిందువు ఉన్న రోజా, మంచుబిందువు లేని రోజా. ఒకమ్మాయి ఎవరిదో బోసినవ్వుల పసిబిడ్డను పంపింది. ఇంకొకమ్మాయి సూర్యాస్తమయాన్ని పంపింది. సార్ వాటన్నిటినీ తెర మీద వరుసగా పేర్చి చూసి నీరసపడ్డారు. "ఏంటమ్మా ఇది? పదో తరగతిలా లేదు, మొక్కల నర్సరీలా ఉంది. శనివారం లోపల ముఖాలు రాకపోతే నేను అబ్బాయిలతోనే పుస్తకం ముగించేస్తాను" అన్నారు.

ఆ మాట మాకు తగిలింది. అయిదేళ్లు కలిసి చదివి, చివరికి మేమసలు ఆ బడిలో లేనేలేమన్నట్టు పుస్తకం వస్తుందంటే ఎవరికైనా తగులుతుంది. అమ్మాయిలందరూ నన్ను చుట్టుముట్టారు. "ముందు నువ్వు పెట్టుమే. మీ నాయన ఒప్పుకుంటే మా నాయన్లు నోరెత్తరు" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. మా నాయన ఊళ్లో నాలుగు మాటలు చెల్లే మనిషి. అంతకన్నా ముఖ్యంగా, ఆయనకు ఫోటోలు కొత్తకాదు. ఆ చుట్టుపక్కల ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ లేచినా, దాని అడుగు వరసలో చేతులు జోడించి మా నాయన ఉండవలసిందే. ప్రతి ఉదయం మా బస్టాపులో నాకు నమస్కారం పెట్టేది ఆయనే. (పాతబడ్డ ఫ్లెక్సీలను తెచ్చి కొట్టం మీద కప్పేవాళ్లం. మా బర్రెలు మా నాయన నమస్కారం కింద హాయిగా నెమరేసుకునేవి.)

అన్నం తినేటప్పుడు మెల్లగా కదిపాను.

"నాయనా, బడిలో ఫోటో అడుగుతాండారు."

"హాల్ టికెట్టుకు ఇచ్చినాం గదా?"

"అది కాదు. అందరి ఫోటోలు కలిపి పుస్తకం చేస్తాండారు. అది ఫోన్లలోకి వస్తాది."

"ఫోన్లలోకా!" నాయన చేతిలోని ముద్ద కంచంలోకి దిగింది. "ఆడపిల్ల ఫోటో ఒకసారి ఫోన్లోకి పోయిందంటే ఇంగ అది యాడ తిరుగుతాదో ఎవరికి తెలుసు? వద్దు పాపా."

"నీది రోడ్డు మీదనే ఉండాది గదా నాయనా."

అమ్మ నాయన పక్షాన మాట్లాడింది. "అది ఎండకెండి వానకు తడిసి ఎన్ని దినాల నుంచి ఆడనే ఉండాది! ఎవరన్నా ఎత్తుకపోతే గదా భయపడేది?"

నాయన మజ్జిగ పోసుకున్నాడు. అంటే మాట ముగిసిందని అర్థం. నేను లేచి వెళ్లి కొట్టంలో కాసేపు ఏడ్చాను. పైనుంచి ఆయన నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

మా క్లాసులో నా ప్రాణస్నేహితురాలొకతి ఉండేది. పేరు మైకు. (మేం పెట్టిన పేరే. చర్చి పాటల బృందంలో ఆమె గొంతెత్తితే నిజం మైకు దండగ.) తాతల కాలం నుంచి వాళ్లింట్లో అందరూ టీచర్లే. అమ్మాయిలందరిలోకీ ఫోటోకు అనుమతి దొరికింది ఆమె ఒక్కతికే. అయినా ఆమె ఇవ్వలేదు. "అంతమంది మగపిల్లోళ్ల నడుమ నా ఫోటో ఒక్కటే ఏస్తే సూసేవాళ్లు ఏమనుకుంటారు? తప్పిపోయిన పిల్ల, దొరికితే చెప్పండి అన్నట్టుండదూ?" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, ఇంటర్వెల్ గంట కన్నా గట్టిగా అరిచింది. "మే! ముఖాలు వద్దంటాండారు. వీపులు వద్దని ఎవరన్నా అన్నారా?"

ఎవరూ అనలేదు.

శుక్రవారం మేమంతా ఆటస్థలంలో ఎత్తుల ప్రకారం వరుసగా నిలబడి కెమెరాకు వీపు తిప్పాం. నూనె మెరుస్తున్న రెండేసి జడలు, మడిచి కట్టిన ఎర్ర రిబ్బన్లు. ఎదురుగా గోడ తప్ప ఇంకేమీ లేదు. సార్ తన చదువంతా ఇందుకే పనికొచ్చిందా అన్నట్టు ఒక్క నిట్టూర్పు విడిచి ఫోను ఎత్తారు. అలవాటు కొద్దీ "స్మైల్!" అన్నారు. మేం నవ్వాం కూడా. (ఆ నవ్వు గోడకు తప్ప ఎవరికీ కనపడలేదు.) ఇక కింద పేర్లు టైపు చేయడం ఎడిటరు గారి వంతు. నేను ఎంతో శ్రద్ధగా, ఒక్క తప్పు లేకుండా, హాజరుపట్టీ వరుసలో టైపు చేశాను. నిలబడింది ఎత్తుల వరుసలోనని నాకు గుర్తే లేదు.

పుస్తకం ఫోన్లలోకి వచ్చింది. వచ్చిన సాయంత్రమే మా ఇంటి నుంచి బంధువులందరికీ వెళ్లింది. పంపించింది మా నాయనే. ఇందులో భయపడవలసింది లేదని ఆయన ధీమా. ముందు పులివెందుల నుంచి మా మేనమామ ఫోను చేశాడు. ఆయనకక్కడ చీనీతోట, అంటే బత్తాయిల తోట. "ఏంది బావా, ఆడపిల్లలంతా ఆ పక్కకు తిరిగినారు? బడి మీద అలిగినారా?" అని అడిగాడు. నాయన నవ్వి ఫోను పెట్టేశాడు. తర్వాత వాకిట్లో మంచం మీద కూర్చుని, ఆ పేజీని రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూడసాగాడు. అంతలో మోటారు మామ వచ్చాడు. బోర్లకు మోటార్లు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయన కూతురూ మా క్లాసే.

"ఇదిగో మా పాప" అని నాయన ఒక జడ మీద వేలు పెట్టాడు. "సూడు, ఎంత ఒత్తుగా ఉండాదో. అచ్చం మా అమ్మ జుట్టు."

మోటారు మామ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "యాడిది బావా! అది మా పిల్ల. మీ పాప ఇంత పొడుగు యాడుండాది?"

"పేరు సూడు మరి!"

"పేరు సూస్తే ఈడ ఇంకెవరి పేరో ఉండాదే!"

ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. మోటార్ల గురించి కూడా వాళ్లు ఎప్పుడూ అంత గట్టిగా వాదించుకోలేదు. నేను లోపల కిటికీ దగ్గర నిలబడి వింటున్నాను. నన్ను పిలిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ కన్నకూతురు ఏదో కన్నకూతురినే పిలిచి అడగడం ఇద్దరికీ నామర్దాగా ఉన్నట్టుంది. అప్పుడే ఫోను మోగింది. తెర మీద వెంకటేశ్వరస్వామి. జమ్మలమడుగు అత్త.

"ఏరా, పాప శానా బాగుండాదిరా" అంది అత్త, వాకిలంతా వినపడేలా. "ఆ కొసన, చెట్టు పక్కనుండేది."

నాయన వేలు రెండో కొసన ఉంది. "నీకెట్ల తెలుసక్కా?" అన్నాడు.

"ఎట్ల తెలిసేదేందిరా? కుడి జడ బిగుతుగా ఉండాది, ఎడమది జారిపోతాండాది. ఆ జడలు మీ ఆడామె అల్లినవే."

వంటింట్లో నుంచి అమ్మ కూడా అందుకుంది. "మరేం చేసేది? కుడి జడ అల్లేటప్పుడు బస్సు ఇంకా దూరంలో ఉంటాది. ఎడమది పట్టుకునేలోగా హారను కొడతాడు."

నాయన వేలు మెల్లగా తెర మీద ఈ కొస నుంచి ఆ కొసకు జరిగింది. (ఇద్దరు తండ్రులూ మాదంటే మాదని కొట్టుకున్న ఆ ఒత్తు జడ మైకుది. ముఖమే వేసుకోండని వాళ్ల నాయన ఎప్పుడో చెప్పేసిన పిల్లది.) మోటారు మామ కాఫీ కూడా తాగకుండా లేచి ఇంటికి పోయాడు. కూతురిని ఒకసారి వెనక నుంచి చూసుకోవడానికే అయ్యుంటుంది.

మరునాడు అమ్మ నాకు జడ వేస్తుంటే నాయన పొలానికి పోకుండా వచ్చి వెనక నిలబడ్డాడు. కుడి జడ చూశాడు. ఎడమ జడ చూశాడు. బస్సు హారను మోగింది. "పోనీలే, నేను దింపుతా" అన్నాడు. ఆ రోజు నా రెండు జడలూ బిగుతుగా వచ్చాయి. బండి బడి వైపు తిరగకుండా ఒక ఫోటో స్టూడియో ముందు ఆగింది. "మా పాపకు ఫోటో తియ్యప్పా. రెండు తియ్. ముందర నుంచి ఒకటి, ఎనక నుంచి ఒకటి" అన్నాడు నాయన. స్టూడియో అతను తెల్లబోయి, "ఎనక నుంచి ఎందుకన్నా?" అని అడిగాడు.

"నాకు గుర్తుండాల" అన్నాడు నాయన, అక్కడున్న అద్దంలో మీసం చూసుకుంటూ.

ఆ సాయంత్రం నా ముఖం తొలిసారి ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి వెళ్లింది. పంపించింది ఆయనే. దాని వెంట సార్‌కు ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. "సార్, ఇది మా పాప. కింద పేరు రాయండి. ఈసారి సరిగ్గా రాసేవాళ్లతో రాయించండి." (నా ఎడిటరు ఉద్యోగం అలా ముగిసింది.) సోమవారం నుంచి మిగతా ముఖాలూ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మోటారు మామ పంపిన ఫోటోలో ముందు ఆయనే చేతులు జోడించి నిలబడ్డాడు, కూతురు పక్కన కాస్త చిన్నగా కనిపించింది. సార్ పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి కూర్చారు. జడల పేజీని మాత్రం తీసేయనివ్వలేదు మేం.

ఇప్పుడు నేను పులివెందులలో టీచరును. మా ఉద్యోగంలో ఈ మధ్య ఫోనుకు ముఖం చూపిస్తే గానీ హాజరు పడదు. పొద్దున్నే బడి వాకిట్లో ఫోను ఎత్తిపట్టుకుని, గడ్డం పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి నిలబడితే, పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుతారు. అప్పుడప్పుడు ఆ యాప్ నన్ను తేరిపార చూసి, ఈమె ఎవరో తెలియడం లేదంటుంది. తోటి టీచర్లు దాన్ని తిడతారు. నాకు కోపం రాదు. వెలుతురు వైపు తిరిగి, ముంగురులు వెనక్కి తోసుకుని, ఇంకోసారి చూపిస్తాను. మా నాయన కూడా మొదటిసారికి గుర్తుపట్టలేదు మరి.