గోటికి తగిలిన పచ్చదనం

మా వీధి మలుపులో ఇరవై రెండేళ్ళపాటు ఒక పెద్ద చెట్టు, దాని కింద మా సైకిలన్న రిపేరు పెట్టె ఉండేవి. పంక్చరు ఎక్కడుందో చూడటానికి ట్యూబు ముంచే నీళ్ళ తొట్టిని ఆయన రోజూ సాయంత్రం ఆ చెట్టు మొదట్లోనే గుమ్మరించేవాడు. ఎవరైనా అడిగితే, నీడకి అద్దె కడుతున్నాననేవాడు.

ఆ స్థలం ఇళ్ళు కట్టే కంపెనీ కొనేసింది. చుట్టూ కట్టిన రేకుల మీద ‘ఒక్క చెట్టునూ చంపం’ అని మనిషెత్తు అక్షరాలు రాయించారు. నిజమే, చంపలేదు. కొమ్మలన్నీ నరికి, వేళ్ళను లారీలో పట్టేంతకు కోసి, క్రేనుతో లేపి, గేటు పక్కన పాతారు. చుట్టూ ఇనుప ఊతాలు, ముందు నున్నటి రాతి పలక. ఆ పలక మీద పెట్టిన శ్రద్ధలో సగం వేళ్ళ మీద పెట్టుంటే ఈ కథ నేను చెప్పనక్కర్లేదు. చెట్టుకైతే చోటు చూశారు గానీ, సైకిలన్నను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తట్టలేదు.

ఆయన భార్యను, అంటే మా వదినను, ఆ మోడుకు నీళ్ళు పెట్టే పనిలోకి తీసుకున్నారు. సూపర్‌వైజరు ఆమెకు ఒక మాట కూడా ఇచ్చాడు. చెట్టు నిలదొక్కుకుని చిగురేస్తే, అన్న మళ్ళీ దాని కిందే పెట్టె పెట్టుకోవచ్చట. ఇక అప్పట్నుంచి వదిన ప్రాణాలన్నీ దాని మీదే.

ఏడాదిన్నర పాటు పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని తడిపింది. ఎండ తగలకుండా గోనెపట్టాలు చుట్టింది. కంపెనీ తోటమాలి ఆమెకొక కిటుకు నేర్పాడు. బెరడును బొటనవేలి గోటితో గీరితే, కింద పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగుంటే పోయినట్టు. మొదట్లో భుజం ఎత్తున పచ్చగా ఉండేది. ఎండాకాలం గడిచేసరికి నడుం దగ్గరకొచ్చింది. తర్వాత మోకాలి దగ్గరకు దిగింది.

ఇంట్లో అన్నకు రోజూ ఒకటే ప్రశ్న, ఎలా ఉందని. పచ్చగానే ఉందనేది వదిన. ఎక్కడ పచ్చగా ఉందని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆయన మంచం కిందనుంచి పెట్టె లాగి, పానాలకు నూనె రాసి, మళ్ళీ లోపలికి తోసేవాడు. నాకు మాత్రం నిజం చెప్పింది. ఆయనకూ చెప్పెయ్యమన్నాను. చెప్తే మంచం పట్టేస్తాడంది. నేను నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

ఇళ్ళు పూర్తయ్యాయి. చెట్ల ఆఫీసరు తనిఖీకి వచ్చింది. ఆవిడ సంతకం పెడితే తప్ప ఆ ఇళ్ళలో ఎవరూ కాపురం పెట్టడానికి వీల్లేదు. మోడును ఎగాదిగా చూసి, మేనేజరును వదిలేసి వదిననే అడిగింది.

"నిజం చెప్పమ్మా. ఇది బతికుందా?"

వదిన మోకాళ్ళ మీద కూర్చుంది. తడిగోనె తప్పించి, చీలమండ ఎత్తున, ఎండ తగలని వైపు, ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాచుకున్న ఆ ఒక్క చోట గీరింది. పచ్చగానే ఉంది. ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆఫీసరు సంతకం పెట్టేసింది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ మెచ్చుకోలుగా ఒక మాటంది. మీ కంపెనీవాళ్ళు అదృష్టవంతులమ్మా, ఇది చచ్చిపోయుంటే పది మొక్కలు నాటి మూడేళ్ళు నీళ్ళు పోయించాల్సి వచ్చేదని. మూడేళ్ళ పని. వదిన గోరు కొంగుకు తుడుచుకుంది.

మర్నాడే పైపు చుట్టేశారు. ఇక రానక్కర్లేదన్నారు. సూపర్‌వైజరుకు పాత మాట గుర్తుచేస్తే, చిగురేస్తే అన్నాను కదమ్మా, వెయ్యనీ చూద్దామని నవ్వాడు. ఆ నవ్వుకు చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

ఆఫీసరు సంతకం పెట్టిందని తెలిసి అన్న పెట్టె పట్టుకుని వెళ్తానంటే, రెండు వారాలు వదిన ఏవో సాకులు చెప్పి ఆపింది. ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో నీళ్ళ తొట్టి పట్టుకుని బయల్దేరాడు. వెనకాల వదిన, నేను. గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టె దించనివ్వలేదు. కావాలంటే నీళ్ళు పోసి వెళ్ళమన్నాడు.

అన్న తొట్టెడు నీళ్ళూ చెట్టు మొదట్లో గుమ్మరించాడు. తర్వాత గోటితో భుజం ఎత్తున గీరాడు. నడుం దగ్గర గీరాడు. మోకాలి దగ్గర గీరాడు. అంతటా ఎండు చెక్కే. తిరిగి వదిన వైపు చూశాడు. ఆమె వంగి ఆ ఒక్క చోటు చూపించింది. అక్కడా గోధుమరంగే.

"ఆ రోజు పచ్చగానే ఉంది," అంది వదిన.

"వాళ్ళకు కావాల్సింది ఆ ఒక్క రోజే కదే," అన్నాడు అన్న.

ఖాళీ తొట్టి ఆమె చేతికిచ్చి, పెట్టె తనే ఎత్తుకున్నాడు.