పెబ్రిన్ వచ్చిన రోజు

డెబ్బైల్లో మదనపల్లె నుంచి పుంగనూరు దగ్గరి పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. వాసన తగిలితే పట్టుపురుగులు చస్తాయని మా అత్త నా జడలోని మల్లెపూలు కూడా తీయించేది. ఒకనాడు పురుగుల మీద నల్లచుక్కలు కనిపించాయి.

పట్టుశాఖ ఆఫీసరు వచ్చి వంగి చూశాడు. "పెబ్రిన్ జబ్బు మాదిరుండాది. ఫ్రాన్సులో ఒకపక్క మిరియాన్ని పెబ్రె అంటారంట. మిరియాలపొడి చల్లినట్టు చుక్కలు లేస్తాయని ఆ పేరు. అదే అయితే అన్నీ కాల్చేయాల్సిందేనమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అత్త ఒక పురుగును అరచేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదింది. చుక్కలు ఎగిరిపోయాయి. ఆఫీసరు గట్టిగా తుమ్మాడు.

"బయట వాన పడతాందని పొద్దున ఈడే మిరియాలు దంచితినప్పా!" అంది అత్త, గొంతు తగ్గించి.

ఆ తర్వాత ఆమె నా మల్లెపూల జోలికి ఎన్నడూ రాలేదు.