జనార్దనరావుగారి కషాయం

లోకంలో ఏ రోగానికైనా వేపగింజల కషాయమే మందని నమ్మిన మనిషి మా జనార్దనరావుగారు. మొక్కకు పురుగు పట్టినా, తలుపు కీచుమన్నా, ఎవరింట్లో టీవీ మొరాయించినా ఆయన అడిగేది ఒక్కటే. "కషాయం కొట్టి చూశారా?"

సరోజినీ నగర్ క్వార్టర్లలో ఆయనది కింది వాటా, మాది పై వాటా. 2004 నాటి మాట. ఢిల్లీ రోడ్ల మీద వేపపళ్లు రాలే రోజుల్లో, ఆఫీసు నుంచి వస్తూ వంగి వంగి ఏరుకునేవారు. ఒకసారి ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు ఆయన బ్రీఫ్‌కేసు తెరిపించాడట. నిండా ఆఫీసు ఆవరణలో ఏరిన వేపపళ్లే.

"సాబ్, ఫైల్ కహాఁ హై?"

ఫైలు రేపు కదిలినా ఫరవాలేదు, గింజలు మాత్రం ఇవాళే ఎండాలని తన గుంటూరు హిందీలో నచ్చజెప్పి బయటపడ్డారు.

దంచిన గింజలు గుడ్డలో మూటగట్టి బకెట్లో నానేసి, మర్నాడు వడకట్టి, కాస్త సబ్బు కలిపి, ఎండ తగ్గాక పిచికారీతో బయల్దేరేవారు. ఆ వాసనకు కిటికీలు వరసగా మూతపడేవి. మా ఆవిడ హారికకైతే తలనొప్పే.

ఆ ఏడు మా బాల్కనీలో కరివేపాకుకి పేనుబంక పట్టింది. ఢిల్లీ చలికి తట్టుకుని బతికి బట్టకట్టిన మొక్క. హారిక బజారుకెళ్లి ఘాటైన పురుగుమందు సీసా తెచ్చింది.

"అంకుల్, మీ పిచికారీ ఇస్తారా? కషాయం మాత్రం వద్దు."

ఆయన సీసాని అటూ ఇటూ తిప్పి చూశారు. "నీకెందుకమ్మా శ్రమ, నేనే కలిపి కొడతాను" అని పట్టుకుపోయారు.

రెండు మూడు సార్లు కొట్టేసరికి ఆకు నిగనిగలాడింది.

"చూశారా అంకుల్, మందంటే ఇదీ. వాసనా లేదు, పురుగూ లేదు."

"అవునమ్మా" అన్నారు బుద్ధిగా. ఆయన ఓటమి కాలనీ అంతా పాకింది. మెట్ల మీద కనబడ్డవాళ్లంతా దెప్పడమే.

ఓ ఆదివారం ఆయన అలా మందు కొట్టి వెళ్లారో లేదో, మా రెండేళ్ల ప్రణతి గుప్పెడు కరివేపాకు దూసి నమిలేసింది. మేం చూసేసరికి నోట్లోంచి నురగ. నేను పిల్లనెత్తుకుని ఆటో కోసం మెట్లు దిగి పరిగెత్తాను.

జనార్దనరావుగారు ఎదురొచ్చారు. "ఏం తిన్నదయ్యా?"

"మీరు మందు కొట్టిన కరివేపాకు."

ఆయన లోపలికెళ్లి సీసా తెచ్చి నా మొహం ముందు పెట్టారు. సీలు కూడా తీయలేదు.

"కొట్టింది మందు కాదు, కుంకుడుకాయల రసం. నోరు కడిగించు, నురగ పోతుంది."

నా ప్రాణం లేచొచ్చింది. అయినా డాక్టరుకు చూపించాం. డాక్టరు పిల్లని పరీక్షించి, ఏమీ లేదని నవ్వి పంపేశాడు.

తిరిగొచ్చాక హారిక ఏడుస్తూనే నిలదీసింది. "ఇన్నాళ్లూ నేను దెప్పుతుంటే చెప్పలేదేం అంకుల్?"

"మీ పిల్ల ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. మొన్న నా చెప్పు కొరికింది. ఆ విషం ఎలా కొట్టనమ్మా? వేప కొడదామంటే నీకు తలనొప్పి. నిజం చెబితే సీసా తిరిగిచ్చెయ్యమంటావు."

హారిక కళ్లు తుడుచుకుంది. "రేపట్నుంచి మీ కషాయమే కొట్టండి అంకుల్."

"రేపటిదాకా ఎందుకమ్మా, నానేసే ఉంది" అంటూ ఆయన బకెట్ కోసం పరిగెత్తారు.

హారిక ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. కిటికీ మాత్రం మూయలేదు.