పక్కింటి గుండె

మా ఊళ్ళో ఎవరికీ గుండె జబ్బు లేదు. అందరికీ గ్యాసే. నర్సీపట్నంలో ఒకే వీధిని ఏళ్ళ తరబడి తిరిగి నేను తెలుసుకున్నది ఇది.

పట్నం మనుషుల గుండెలు కాలం గడిచేకొద్దీ ఎలా మారుతున్నాయో చూసే సర్వేలో నా ఉద్యోగం. ప్రతి ఏడాదీ అవే ఇళ్ళు, అవే మనుషులు, అవే ప్రశ్నలు. బరువు తూస్తాను, నడుము కొలుస్తాను, బీపీ చూస్తాను. తర్వాత, "ఈ ఏడాదిలో ఛాతీలో నొప్పి వచ్చిందా?" అంటాను. "నొప్పేటమ్మా, గాసు" అంటారు. నా ఫారంలో గ్యాస్‌కి గడి లేదు. మొదటి ఏడాది అంచున ఖాళీలో రాసి పంపితే, ఇది గుండె సర్వేనా పొట్ట సర్వేనా అని పై ఆఫీసరు ఫోన్ చేసి మరీ అడిగారు.

నేను వీధి మొదట్లో కనిపిస్తే చాలు, చివరి ఇంటిదాకా కబురు వెళ్ళిపోయేది. ఆవకాయ జాడీలు అటకెక్కేవి. చుట్టలు మాయమయ్యేవి. ఒక పెద్దాయన ఏడాదికి ఆ ఒక్కరోజే బీపీ మాత్ర వేసుకునేవారు. "నువ్వొస్తన్నావని ఏసుకున్నానమ్మా" అని నాకేదో మర్యాద చేసినట్టు చెప్పేవారు.

మూడో ఏడాదికి నాకు కిటుకు దొరికింది. మావాళ్ళు తమ జబ్బు చచ్చినా చెప్పరు. పక్కింటివాళ్ళ జబ్బయితే అడక్కుండానే చెబుతారు, కాఫీ ఇచ్చి మరీ. అక్కడ విన్నది ఫారంలో రాయకూడదు. కానీ విన్నాక వెనక్కొచ్చి అదే ప్రశ్న ఇంకోలా అడిగితే చాలామంది దారికొచ్చేవారు.

రానివాడు ఒక్కడే. కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో నడిపే ఆయన. భార్య పోయింది, కూతుళ్ళు అత్తవారిళ్ళకు వెళ్ళిపోయారు. ఇంట్లో ఆయన, వాకిట్లో ఆటో. నొప్పుందని రాస్తే ఎక్కడ ఆటో తోలొద్దంటారో అని ఆయన భయం. ఫారంలో ఆఖరి ప్రశ్న, ఇంట్లోవాళ్ళు కాకుండా మీ బాగోగులు తెలిసిన మనిషి ఎవరు అని. ఇల్లు మారితే వెతుక్కోవడానికి అడుగుతాం. "అలాంటోలెవరూ నేరు, గీత కొట్టీయండి" అనేవాడు ప్రతి ఏడాదీ. నేను కొట్టేసేదాన్ని.

ఆయన పక్కిల్లు ఒక పెద్దావిడది. ఆవిడ బట్టలుతికిన నీళ్ళు ఈయన ఆటో కిందికి పారతాయి. మధ్యలో నడుమెత్తు గోడ. గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి దెబ్బలాడుకుంటుంటే వీధి వీధంతా పనులు మానుకుని చూసేది. ఆయన ఊపిరి తిప్పుకోకుండా తిట్టగలడు. ఆవిడ తన వంతు ఒక్కసారి కూడా వదులుకోదు.

ఒక ఏడాది సర్వేలో ముందు ఆవిడింటికే వెళ్ళి, పక్కాయన గ్యాస్ మాట ఎత్తాను.

"గాసేటమ్మా, నా తలకాయి!" అంది. "నీళ్ళ బిందె గుమ్మం కాడ దించి ఓపాలి కూకుంటన్నాడు, లోపల దించి ఓపాలి కూకుంటన్నాడు. సోడా మీద సోడా తాగుతన్నాడు. ఖాళీ సీసాలు ఈ గోడ మీదే కదా ఎడతాడు!"

"అయితే రోజూ చూస్తూనే ఉంటారన్నమాట" అన్నాను నవ్వుతూ.

"ఎదురుగా అగుపిస్తంటే కళ్ళు మూసుకోమంటావేటి?"

అక్కణ్ణుంచి ఆయన దగ్గరికి వచ్చాను. నొప్పి? గాసు. ఆయాసం? నేదు. నాకు ఒళ్ళు మండింది. "బిందె కూడా మోయలేకపోతున్నారని పక్కింటావిడ చెప్పారే" అన్నాను. ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యకూడదని మాకు మొదటిరోజే చెప్పారు. నోరు జారి అన్న మాట కాదది. కావాలనే అన్నాను.

ఒక్క ఉదుటున లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. "నా బిందె గొడవ నీకెందుకే?" అన్నాడు. "నా కళ్ళు, నా ఇష్టం" అందావిడ. నేను హాయిగా గుమ్మంలో కూచున్నాను.

"నీ ఉతుకుడు నీళ్ళు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గోడ పట్టుకున్నాడు. మొహమంతా చెమట. ఇప్పుడు వంతు ఆవిడది. ఆవిడ నోరు మెదపలేదు. ఒక్క క్షణం ఆయన్నే చూసి, గబగబా గోడ చుట్టూ తిరిగొచ్చి, భుజాలు పట్టి కింద కూచోబెట్టింది.

"గాసు" అన్నాడాయన.

"నోర్ముయ్" అని, నావైపు తిరిగి, "అలా సూస్తావేటి, బేగెల్లి ఆటో పిలు!" అంది.

వాకిట్లో ఉన్న ఆటో నడిపేవాడు నేల మీద ఉన్నాడు. రోడ్డు మీదికి పరిగెత్తాను. ఈయనకేమైనా అయితే నేనే చంపినట్టు. నా తెలివితేటల మీద నాకే అసహ్యం వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగినవాటికి ఆయన జవాబు చెప్పే స్థితిలో లేడు. ఆవిడ చెప్పింది. నొప్పి ఏ నెలలో మొదలైంది, ఏ చెయ్యి రుద్దుకుంటాడు, ఎన్నడుగులకి ఆగుతాడు, అన్నీ. నేనిన్నేళ్ళు నింపిన ఫారాలన్నీ కలిపినా అందులో సగం ఉండదు. వైజాగ్ పంపించారు, స్టెంట్ వేశారు, బతికాడు. ఆ వార్త విన్నాక నాకు అన్నం సయించింది.

మరుసటి ఏడాది వెళ్ళేసరికి వాకిట్లో ఆటో ఉంది. డాక్టరు ఒప్పుకున్నాకే, అదీ ఒంటిపూటే నడుపుతున్నాడట. దాని కింద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. నొప్పి గడిలో మొదటిసారి "అవును" అని రాశాను. ఆఖరి ప్రశ్న దగ్గర అలవాటుగా గీత కొట్టబోయాను.

"ఆగండమ్మా" అన్నాడు. "మా పక్కింటి అప్ప పేరు రాయండి." మావైపు అప్ప అంటే అక్క.

నేనింకా పేరు అడగనే లేదు. గోడ అవతలి నుంచి ఆవిడ ఫోన్ నంబరు చెప్పడం మొదలుపెట్టింది.